గ్రామీణ బ్యాంకా, ఐటీనా? జీతం సంగతి కాదు, నలభై దాటాక సంగతి చెప్పండి

తణుకు_సీఎస్‌ఈ:
నమస్తే అండి అందరికీ. 2025లో బీటెక్ సీఎస్‌ఈ అయ్యింది. క్యాంపస్‌లో ఒక సర్వీస్ కంపెనీ 3.6 లక్షల ప్యాకేజీకి తీసుకుంది కానీ జాయినింగ్ మాత్రం ఇదిగో అదిగో అంటూ వాయిదా వేస్తూ వచ్చారు. ఖాళీగా కూర్చోవడం ఎందుకని ఐబీపీఎస్ గ్రామీణ బ్యాంకు ఆఫీస్ అసిస్టెంట్ పరీక్ష రాశాను, అది కాస్తా వచ్చేసింది. ఇప్పుడు రెండు లెటర్లూ ఒకే వారంలో వచ్చాయి, ఇంట్లో రోజూ పంచాయతీ.

నాన్న రైస్ మిల్లులో గుమస్తా. ఆయన లెక్క ఒక్కటే, బ్యాంకు అంటే అరవై ఏళ్ళ దాకా అడిగేవాడు ఉండడు అని. హైదరాబాద్‌లో ఉన్న మావయ్య ఏమో సీఎస్‌ఈ చదివి కౌంటర్లో కూర్చుంటావా అని ఫోన్‌లోనే కేకలు. నిజానికి మొదటి నెల చేతికొచ్చేది చూస్తే ఐటీ కంటే బ్యాంకులోనే ఎక్కువ. తర్వాత ఐటీ జీతం ఎలా పెరుగుతుందో తెలుసు, దాని గురించి యూట్యూబ్‌లో బోలెడు వీడియోలు ఉన్నాయి, అది అడగట్లేదు.

నేను అడిగేది వేరు. మా పెద్దమ్మ వాళ్ళబ్బాయి నిజాంపేటలో ఉంటాడు, నలభైకి దగ్గర పడ్డాడు. సంక్రాంతికి వచ్చి భోగి పొద్దున్న కూడా చెవిలో హెడ్‌సెట్, ఒళ్ళో ల్యాప్‌టాప్. పిల్లలకి భోగిపళ్ళు పోస్తుంటే లేచి వచ్చి రెండు నిమిషాలు నిలబడి మళ్ళీ గదిలోకి పోయాడు. ఏంటన్నయ్యా ఇది అంటే రిలీజ్ ఉందమ్మా అన్నాడు. ఎప్పుడు అడిగినా ఏదో ఒక రిలీజ్, అంటే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ బయటికి వదిలే పని, ఉంటుంది. నాకు కోడింగ్ ఇష్టమే, చివరి ఏడాది ప్రాజెక్టు నిద్ర మానుకుని చేశాను, కానీ ఇష్టంగా ఇరవై రెండేళ్ళప్పుడు చేసింది నలభై రెండేళ్ళప్పుడు కూడా చేయగలనా అన్నదే డౌటు. ఇందులో పదిహేనేళ్ళు దాటిన వాళ్ళు ఉంటే, ఐటీ మన దగ్గర నుంచి ఏం తీసుకుంటుందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి ప్లీజ్.

భీమవరం_బుల్లోడు:
ఇందులో ఆలోచించడానికి ఏముందండీ, బ్యాంకే. కళ్ళు మూసుకుని జాయిన్ అయిపోండి.

కూకట్‌పల్లి_2006:
బుల్లోడు గారూ, కళ్ళు మూసుకునే పనైతే ఆ అమ్మాయి ఇంత రాయదు కదా.

అమ్మా, నేను 2006 నుంచి ఇందులో ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉంటే చదువు. ఐటీలో కష్టం కోడింగ్ కాదు. కోడింగ్ ఎవరైనా నేర్చుకుంటారు, అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఆ ఇన్‌స్టిట్యూట్లలో మెకానికల్ వాళ్ళు, బీఎస్సీ వాళ్ళు, ఎంసీఏ వాళ్ళు అందరూ నేర్చుకునే వచ్చారు. కష్టం ఎక్కడంటే, నేర్చుకున్నది చెల్లకుండా పోవడం. నేను చేరినప్పుడు ఒరాకిల్ ఫార్మ్స్ తెలిస్తే గొప్ప. ఆ తర్వాత జావా స్ట్రట్స్, తర్వాత స్ప్రింగ్, తర్వాత అందరూ యాంగ్యులర్ అన్నారు, ఆ మొదటి యాంగ్యులర్‌జేఎస్‌కి 2021 డిసెంబర్ 31తో సపోర్టే ఆగిపోయింది. ఫ్లాష్‌లో పండిపోయిన వాళ్ళు ఉండేవారు, 2020 చివర్లో ఫ్లాషే లేకుండా పోయింది. ఇప్పుడు క్లౌడు, దాని మీద ఏఐ. ప్రతి నాలుగైదేళ్ళకి నువ్వు మళ్ళీ ఫ్రెషర్‌వి, కాకపోతే ఈసారి పక్కన కూర్చున్న ఫ్రెషర్‌కి ఇంటికెళ్ళాక పిల్లాడి హోంవర్క్ ఉండదు, నీకు ఉంటుంది.

అయితే అన్నీ చెల్లకుండా పోవు. ఇది ఎవరూ మొదట్లో చెప్పరు. మా టీమ్ పని అమెరికా హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిములు. 2015 అక్టోబర్ 1 నుంచి అక్కడ రోగాల కోడ్లు ఐసీడీ-9 నుంచి ఐసీడీ-10కి మారాయి, 14,000 చిల్లర ఉన్న కోడ్లు ఒక్కసారి 70,000 దగ్గరకి వెళ్ళాయి. హైదరాబాద్‌లో, చెన్నైలో ఎన్ని టీములు దాని మీద ఏళ్ళ తరబడి పని చేశాయో లెక్కలేదు. ఆ మార్పు అయిపోయాక ప్రాజెక్టులు చిన్నవైపోయాయి, అప్పుడు ఎవరిని ఉంచారో చూస్తే, ఫలానా టూల్ బాగా వచ్చిన వాళ్ళని కాదు. ఒక క్లెయిము ఎందుకు రిజెక్ట్ అయ్యింది, డాక్టరు పంపిన 837 అనే క్లెయిము ఫైలులో ఏ గడి తప్పు పడింది, తిరిగి వెళ్ళే 835 అనే చెల్లింపు ఫైలులో డబ్బు ఎందుకు తగ్గింది అని క్లయింటు అడిగితే అక్కడికక్కడ చెప్పగలిగిన వాళ్ళని ఉంచారు. ఆ తెలివి జావాలో రాసినా పైథాన్‌లో రాసినా అదే. కాబట్టి ఎందులో చేరినా మొదటి మూడేళ్ళలో ఆ వ్యాపారం ఏంటో, డబ్బు ఎటు నుంచి ఎటు పోతోందో పట్టుకో. మన వాళ్ళు తొంభై శాతం మంది టికెట్, అంటే వచ్చిన ఫిర్యాదు, మూసేసి ఇంటికి పోతారు, ఆ టికెట్ ఎందుకు వచ్చిందో అడగరు.

ఇక టైము సంగతి. న్యూయార్క్‌లో పొద్దున్న తొమ్మిది గంటల మీటింగ్ అంటే వాళ్ళ వేసవి కాలంలో మనకి సాయంత్రం ఆరున్నర. నవంబర్ మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుతారు, అంతే, మన కాల్ ఏడున్నరకి జరుగుతుంది, మళ్ళీ మార్చి రెండో ఆదివారం దాకా. మా ఇంట్లో రాత్రి భోజనం వేళ అమెరికా ప్రభుత్వం నిర్ణయిస్తుందని మా ఆవిడ అంటుంది, జోకే కానీ నిజం. ఆన్‌కాల్ వారం, అంటే ఏ వేళకైనా ఫోన్ ఎత్తాల్సిన వారం అయితే ఇంకో కథ. రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది, బ్రిడ్జి అనే కాన్ఫరెన్స్ కాల్‌లోకి వెళ్తే అప్పటికే ఇరవై మంది ఉంటారు, అందులో పని చేసేది ఇద్దరు, మిగతా పద్దెనిమిది మంది ఇంకా ఎంతసేపు పడుతుంది అని అడగడానికి. ఇరవై ఐదేళ్ళప్పుడు అదో థ్రిల్లు. నలభై దాటాక మర్నాడంతా తల పని చేయదు.

ఇవన్నీ తట్టుకోవచ్చు. అసలు బిగుసుకునేది ఎక్కడంటే, నీ జీతం పెరిగేకొద్దీ నువ్వు కంపెనీకి బరువవుతావు. సర్వీస్ కంపెనీ లెక్క సింపుల్, క్లయింటు నీ గంటకి ఇచ్చేది ఒక స్థాయి దాటి పెరగదు, నీ జీతం పెరుగుతుంది, మధ్యలో మిగిలేది తగ్గుతుంది. పన్నెండు పదిహేనేళ్ళు దాటాక ఆ తేడాని నువ్వు ఏదో ఒకటి చేసి పూడ్చాలి, లేదంటే నీ పేరు లిస్టులోకి వస్తుంది. 2025 జూలైలో టీసీఎస్ రెండు శాతం మందిని, అంటే 12,000 మందికి పైగా తీసేస్తామని ప్రకటించినప్పుడు కూడా వాళ్ళు చెప్పింది ఎక్కువగా మధ్య స్థాయి, పై స్థాయి వాళ్ళనే. సరిగ్గా అదే వయసులో మనవాడి మీద ఫ్లాట్ లోను ఉంటుంది. 80 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్ళు అనుకో, నెలకి 69 వేలు పైచిలుకు. ఆ ఈఎంఐ ఉన్నవాడు మేనేజర్‌తో ఆదివారం రాను అని చెప్పలేడు, జీతం తగ్గినా ఇష్టమైన పనిలోకి మారలేడు, కొత్తది నేర్చుకోవడానికి ఆరు నెలలు ఆగలేడు. మీ అన్నయ్య భోగి రోజు గదిలో కూర్చున్నది రిలీజ్ కోసం అని నేను అనుకోను.

పెన్షన్ గురించి కూడా ఒక మాట. పీఎఫ్‌లో పెన్షన్ ఉంటుంది కదా అని కొందరు అనుకుంటారు. అది మామూలుగా 15,000 జీతం మీదే లెక్క. సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. ముప్పై ఏళ్ళు చేసినా ఆరేడు వేలు. దాచుకున్నదే నీది.

ఇంతా చెప్పి నేను ఐటీ వద్దు అనట్లేదు. నాకు ఇల్లు, పిల్లల చదువు, అమ్మ ఆపరేషన్ అన్నీ ఇందులోంచే వచ్చాయి. చేరితే, జీతం డబుల్ అయినా ఖర్చు డబుల్ చేయకుండా పదేళ్ళు బతకగలవా అన్నది చూసుకో. అది చేతనైతే ఈ ఫీల్డులో నువ్వు ఎవరికీ భయపడక్కర్లేదు. చేతకాకపోతే నాన్న మాట వినడమే మేలు.

ప్రాంప్ట్_పండు:
అంకుల్ ఇంకా 2006లోనే ఉన్నారు. ఏఐ వచ్చాక ఐదేళ్ళలో కోడింగ్ జాబులే ఉండవు, నలభై ఏళ్ళ సంగతి ఎందుకు అసలు.

కూకట్‌పల్లి_2006:
పండూ, 2001లో డాట్‌కామ్ కంపెనీలు పడినప్పుడు మా సీనియర్లు ఇదే విన్నారు, 2008లో మేమూ విన్నాం. ఏఐ వల్ల పని మారుతుంది, ఫ్రెషర్లని తీసుకునేది తగ్గింది కూడా, కాదనను. మా టీమ్‌లో టెస్ట్ కేసులు, చిన్న చిన్న మార్పులు ఇప్పుడు దానితోనే రాయిస్తున్నాం. కానీ అది రాసింది తప్పో ఒప్పో చెప్పి సంతకం పెట్టేవాడు కావాలి, ఆ తప్పు పట్టుకోవాలంటే ముందు చేతితో చేసి ఉండాలి. ఆ మొదటి నాలుగేళ్ళ పనే తగ్గిపోతే రేపు సీనియర్లు ఎక్కడి నుంచి వస్తారన్నది కంపెనీలు ఆలోచించుకోవాలి, దానికి ఈ అమ్మాయి ఏం చేస్తుంది.

కౌంటర్_నంబర్_3:
నేను గోదావరి జిల్లాలో గ్రామీణ బ్యాంకులోనే చేస్తున్నాను. ఐటీ వాళ్ళు బ్యాంకు గురించి, బ్యాంకు వాళ్ళు ఐటీ గురించి మాట్లాడుకోవడం చూస్తే నవ్వొస్తుంది, ఎవరికి వాళ్ళు అవతల వాళ్ళు హాయిగా ఉన్నారనుకుంటారు.

మా దగ్గర బ్రాంచిలో నలుగురు ఉండాల్సిన చోట ఇద్దరు ఉంటారు. పొద్దున్న షట్టరు తీసేసరికే పెన్షన్ పెద్దవాళ్ళు మెట్ల మీద కూర్చుని ఉంటారు, డ్వాక్రా అక్కలు పది మంది ఒకేసారి పుస్తకాలు పెడతారు, సర్వర్ డౌన్ అయితే తిట్లు మనకే. పంట రుణాల రెన్యువల్ సీజన్లో సాయంత్రం ఆరుకి బయటపడితే ఆ రోజు పండగ. పైన ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మాలని టార్గెట్లు, ఆ మాట ఇంటర్వ్యూ పుస్తకాల్లో ఎక్కడా ఉండదు. బంగారం లోన్లలో గ్రాము తేడా వచ్చినా బాధ్యత మనదే. 2025 మే 1న మా చైతన్య గోదావరి, ఆంధ్రా ప్రగతి, సప్తగిరి, గ్రామీణ వికాస్ అన్నీ కలిసి ఒకే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి కదా, ఆ కలపడంలో ఖాతాల గొడవలు విని విని మాకు చెవులు తూట్లు పడ్డాయి.

కానీ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆదివారం ఆదివారమే. రెండో శనివారం, నాలుగో శనివారం సెలవే. రాత్రి రెండింటికి నాకు ఎవరూ ఫోన్ చేయరు. నలభై ఐదేళ్ళ మా సీనియర్ని నువ్వు ఖరీదైపోయావు వెళ్ళిపో అని ఎవరూ అనరు. పెన్షన్ మాత్రం పాతవాళ్ళకి ఉన్నట్టు కాదు, కొత్తగా చేరిన వాళ్ళకి ఎన్‌పీఎస్సే, అంటే జీతంలోంచి దాచి మార్కెట్లో పెట్టే పద్ధతే, అది నాన్నగారికి ముందే చెప్పండి.

క్యూఏ_కొండాపూర్:
చెల్లీ, పైన అన్నగారు చెప్పినవి అన్నీ నిజమే, కానీ ఆయన మగవాడి లెక్క చెప్పారు. ఆడపిల్ల లెక్కలో ఇంకో రెండు గీతలు ఉంటాయి.

నేను పదకొండేళ్ళుగా టెస్టింగ్‌లో ఉన్నాను. మెటర్నిటీ లీవ్ 26 వారాలు జీతంతో ఇస్తారు, 2017 నుంచి చట్టమే అది, మొదటి ఇద్దరు పిల్లల దాకా. లీవ్ దగ్గర ఇబ్బంది పడలేదు, తిరిగొచ్చాకే అసలు ఆట. నేను వెళ్ళేటప్పుడు ఉన్న ప్రాజెక్టు వచ్చేసరికి లేదు, బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా, కూర్చోబెట్టారు, ఆ ఏడాది అప్రైజల్‌లో ఆరు నెలలే పని చేశావు కదా అని మామూలు రేటింగ్. ఎవరూ తప్పు మాట అనలేదు, నవ్వుతూనే చేశారు. బెంచ్ మీద కూడా ఇప్పుడు మునుపటిలా నెలల తరబడి ఉండనివ్వట్లేదు, టీసీఎస్ 2025 జూన్‌లో ఏడాదికి 35 రోజులు అని హద్దు పెట్టింది, మిగతా వాళ్ళ ధోరణీ అటే పోతోంది. పాప పుట్టాక ఏడున్నర కాల్ ఏ ఆడదానికైనా ఎంత నరకమో అది చేసిన వాళ్ళకే తెలుసు, సరిగ్గా పిల్లకి అన్నం పెట్టే టైము అది. మ్యూట్‌లో పెట్టి ముద్దలు తినిపిస్తూ, మన పేరు పిలిచేసరికి ఎడం చేత్తో అన్‌మ్యూట్ నొక్కడం మా ఫ్లోర్‌లో సగం మంది తల్లులకి వచ్చిన విద్య. నాతో చేరిన బ్యాచ్‌లో ఆడవాళ్ళలో ఇప్పటికీ పని చేస్తున్నది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళకి పని రాక కాదు మానేసింది, ఇంట్లో చేతులు సరిపోక.

కాబట్టి నేనైతే ఇలా అడుగుతాను, హైదరాబాద్‌లో నీకు ఎవరున్నారు? మావయ్య అరిచినంత మాత్రాన రేపు నీ పిల్లని చూసుకోడు కదా.

ఆరోగ్యం గురించి ఒకటి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ళు 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షిస్తే 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఉందని తేలింది, 2025లో పేపర్లలో వచ్చింది, పార్లమెంటులో కూడా చెప్పారు. మా ఆఫీసు హెల్త్ క్యాంపులో రిపోర్టులు పంచినప్పుడు లివర్‌లో కొవ్వు ఏ గ్రేడ్ అని అందరూ ఒకరినొకరు అడుగుతుంటే ఫలితాల రోజు కాలేజీలా ఉంది. సన్నగా ఉన్న కుర్రాళ్ళకి కూడా గ్రేడ్ వన్. తొమ్మిది గంటలు కుర్చీ, రాత్రి పదింటికి బిర్యానీ, ఇంకేమవుతుంది. ఇంకోటి, కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్స్‌ని నమ్ముకుని సొంత పాలసీ తీసుకోని వాళ్ళే ఎక్కువ. ఉద్యోగం పోతే సాధారణంగా ఆ కవరేజీ కూడా పోతుంది. నలభైలో బీపీ, షుగర్ వచ్చాక కొత్త పాలసీ కొంటే ముందున్న జబ్బులకి మూడేళ్ళ దాకా వెయిటింగ్ పెడతారు. ఐటీలో చేరితే మొదటి ఏడాదే చిన్నదో పెద్దదో ఒక పాలసీ నీ పేరు మీద తీసుకో, అప్పుడు ప్రీమియం కూడా తక్కువే.

ఇర్వింగ్_టెక్సాస్:
ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతా, ఇక్కడ పనివేళ. చాలామంది ఐటీలో చేరేది చివరికి అమెరికా వస్తామనే. ఆ లెక్క వేసుకుని మాత్రం ఐటీని ఎంచుకోవద్దు. ఇక్కడ పని చేయడానికి ఇచ్చే హెచ్-1బీ వీసా మామూలుగా ఆరేళ్ళే, గ్రీన్‌కార్డ్ మెట్టు ఒకటి దాటితేనే పొడిగింపులు. మన ఇండియా వాళ్ళ క్యూ ఎంత పొడుగు అంటే నా ఇమిగ్రేషన్ ఫైలు కంటే ఇక్కడ పుట్టిన మా వాడు ముందు కాలేజీకి వెళ్ళేలా ఉన్నాడు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి దొరకాలి, లేదా సామాను సర్దుకోవాలి. 2025 సెప్టెంబర్ నుంచి బయటి దేశాల నుంచి కొత్తగా తెచ్చుకునే వాళ్ళకి లక్ష డాలర్ల ఫీజు అన్నారు, ఫ్రెషర్ కోసం ఎవరు కడతారు చెప్పండి.

తణుకు_సీఎస్‌ఈ:
అందరికీ చాలా థాంక్స్ అండి, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. కూకట్‌పల్లి అంకుల్ రాసింది నాన్నకి చదివి వినిపించాను, ఈఎంఐ లెక్క విని రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు, తర్వాత మనకి ఫ్లాట్ ఎందుకులే అన్నారు.

ఇంకో రెండు డౌట్లు. ఒకటి, ఇప్పుడు బ్యాంకులో చేరి రెండేళ్ళ తర్వాత ఐటీలోకి రావచ్చా? కోడింగ్ పూర్తిగా వదిలేయాలంటే మనసొప్పట్లేదు. రెండోది, కంపెనీ వాళ్ళు రెండేళ్ళ బాండ్ అంటున్నారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు వెరిఫికేషన్‌కి తెమ్మన్నారు. అక్కా, కొండాపూర్‌లో మా దూరపు పిన్ని ఒకావిడ ఉంది కానీ ఆవిడకి నేనంటే అంతగా పడదు.

క్యూఏ_కొండాపూర్:
హహ, అయితే పిన్నిని లెక్కలోంచి తీసేయ్. ఒరిజినల్స్ చూపించి అప్పుడే వెనక్కి తెచ్చుకో, వాళ్ళ దగ్గర ఉంచమంటే మాత్రం ఒప్పుకోకు, ఎంత పెద్ద పేరున్న కంపెనీ అయినా సరే. బాండ్‌లో ఎంత కట్టాలి, ట్రైనింగ్‌లో ఫెయిల్ అయితే ఏంటి, వాళ్ళంతట వాళ్ళు తీసేస్తే కూడా కట్టాలా, ఇవి మూడూ కాగితం మీద చూసుకో. నోటి మాట నమ్మకు. నోటీస్ పీరియడ్ 90 రోజులు ఉందో లేదో కూడా చూడు, అది ఉంటే వేరే కంపెనీ వాళ్ళు అంతకాలం ఆగక చాలా ఆఫర్లు జారిపోతాయి.

కూకట్‌పల్లి_2006:
రెండేళ్ళ తర్వాత ఫ్రెషర్‌గా రావడం కష్టమమ్మా, అబద్ధం చెప్పను. పెద్ద కంపెనీల ఫిల్టర్లో పాసవుట్ ఇయర్ ఉంటుంది, అది దాటితే నీ రెజ్యూమె మనిషి కంట్లో పడదు. తెలిసినవాళ్ళ రిఫరల్, చిన్న కంపెనీలు, అవే దారి.

కానీ నువ్వు అడగని మూడో దారి ఒకటి ఉంది. ఐబీపీఎస్ వాళ్ళే స్పెషలిస్ట్ ఆఫీసర్ పరీక్ష పెడతారు, అందులో ఐటీ ఆఫీసర్ స్కేల్-1, అంటే మొదటి మెట్టు ఆఫీసర్ పోస్టు, ఉంది, పబ్లిక్ సెక్టార్ బ్యాంకుల్లో. సీఎస్‌ఈ బీటెక్ చాలు, అనుభవం అడగరు, వయసు 20 నుంచి 30. గ్రామీణ బ్యాంకుల్లోనే స్కేల్-2లో ఐటీ ఆఫీసర్ ఉంది, దానికి ఆ ఫీల్డులో ఏడాది అనుభవం కావాలి, వయసు 21 నుంచి 32. కౌంటర్లో చేసింది ఆ అనుభవం కింద లెక్కకి రాదు కాబట్టి నువ్వు బ్యాంకులో చేరితే స్కేల్-1 వైపు చూడు. పోస్టులు ఏటా ఒకేలా ఉండవు, పోటీ గట్టిగానే ఉంటుంది. ప్రొఫెషనల్ నాలెడ్జ్ పేపర్‌లో డేటాబేస్, నెట్‌వర్క్స్, ఓఎస్, నువ్వు మొన్న చదివినవే, ఇంకా మర్చిపోకముందే రాసేయ్. అక్కడా సర్వర్ పడిపోతే రాత్రి లేపుతారు, అది మాత్రం గుర్తుంచుకో.

కౌంటర్_నంబర్_3:
నిజమే, మా హెడ్డాఫీసు ఐటీ వాళ్ళు ఖాతాలు కలిపే రోజుల్లో ఇంటికెళ్ళలేదు.

తణుకు చెల్లీ, ఏది తేల్చుకున్నా బ్యాంకు లెటర్‌లో రిపోర్ట్ చేయాల్సిన తేదీ చూసుకో. ఇంకా కొంచెం టైము కావాలంటే ఆ తేదీ లోపలే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి గడువు అడుగు, ఇచ్చినా ఇవ్వకపోయినా రాతపూర్వకంగా జవాబు తెప్పించుకో. తేదీ దాటాక అడిగితే ఎవరూ ఏం చేయలేరు. కులం సర్టిఫికెట్ వాడితే బ్యాంకు ఇచ్చిన నమూనాలోనే ఉండాలి, తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగడానికి వారం పోతుంది, అది ఇవాళే మొదలుపెట్టు.